స్విఫ్ట్ కోడా, ఐఎఫ్‌ఎస్‌సీనా, ఐబానా? విదేశీ డబ్బుకి ఎవరు ఏది వాడాలి

అమెరికా నుంచి ఇంటికి డబ్బు పంపినా, ఇక్కడి నుంచి పిల్లల ఫీజు అక్కడికి కట్టినా అందరూ ఆగిపోయేది ఫారంలో కోడ్ అడిగిన దగ్గరే. ఒకరు స్విఫ్ట్ అంటారు, ఇంకొకరు బిక్ అంటారు, బావగారు ఐఎఫ్‌ఎస్‌సీ చాల్లే అంటారు, కువైట్ లో ఉన్న చిన్నాన్న ఐబాన్ పంపమంటాడు, ఇంట్లో అమ్మ చేతిలో ఉన్న పాస్‌బుక్ లో చూస్తే వీటిలో ఒక్కటే కనిపిస్తుంది. నా మాట ముందే చెప్పేస్తా, కోడ్ కోసం వెతకడం కాసేపు ఆపి డబ్బు ఏ దారిలో వెళ్లాలో తేల్చుకోండి, దారి తేలితే కోడ్ దానంతట అదే తేలుతుంది. ఎక్కువ మంది తలకిందులుగా చేస్తారు, గూగుల్ లో దొరికిన ఏదో స్విఫ్ట్ కోడ్ పట్టుకుని వైర్ (బ్యాంకు నుంచి బ్యాంకుకి నేరుగా పంపడం) చేసేస్తారు, ఆ డబ్బు వారం రోజులు ఎక్కడుందో తెలీక ఇక్కడ ఒకరు అక్కడ ఒకరు కంగారు పడతారు.

ముందు కోడ్లు గుర్తుపట్టడం

స్విఫ్ట్ కోడ్, బిక్ రెండూ ఒకటే. స్విఫ్ట్ అనేది 1973లో బెల్జియంలో పెట్టిన సంస్థ, బ్యాంకుల మధ్య మెసేజ్ లు నడిపే నెట్‌వర్క్ దానిది. అసలు డబ్బు స్విఫ్ట్ లోంచి వెళ్లదు, "ఫలానా ఖాతాలో ఇంత వేయండి" అనే మెసేజ్ మాత్రమే వెళ్తుంది, డబ్బేమో బ్యాంకులు ఒకదాని దగ్గర ఒకటి పెట్టుకున్న ఖాతాల్లో సర్దుబాటు అవుతుంది. ఈ ముక్క అర్థమైతే మధ్యలో ఎవరో 15, 20 డాలర్లు ఎందుకు కోసుకుంటారో కూడా అర్థమవుతుంది.

కోడ్ లో 8 అక్షరాలు గానీ 11 గానీ ఉంటాయి. స్టేట్ బ్యాంక్ ది చూడండి: ఎస్-బీ-ఐ-ఎన్, ఐ-ఎన్, బీ-బీ. మొదటి నాలుగు బ్యాంకు, తర్వాత రెండు దేశం, ఆ తర్వాత రెండు చోటు, ఇక్కడ బీ-బీ అంటే ముంబై. హెచ్‌డీఎఫ్‌సీది కూడా హెచ్-డీ-ఎఫ్-సీ, ఐ-ఎన్, బీ-బీ నే. చివర ఇంకో మూడు ఉంటే అది బ్రాంచ్, ఆ మూడూ ట్రిపుల్ ఎక్స్ అయితే హెడ్డాఫీసు అని, అంటే 8 అక్షరాల కోడ్ ఇచ్చినా, దానికి ట్రిపుల్ ఎక్స్ తగిలించి ఇచ్చినా ఒకటే.

ఐఎఫ్‌ఎస్‌సీ మన దేశం వరకే పనికొస్తుంది. ఇదీ 11 అక్షరాలే, మొదటి నాలుగూ బ్యాంకువే, అందుకే తికమక. గుర్తు ఏంటంటే ఐఎఫ్‌ఎస్‌సీలో అయిదోది ఎప్పుడూ సున్నా. ఎస్-బీ-ఐ-ఎన్ తర్వాత సున్నా వస్తే ఐఎఫ్‌ఎస్‌సీ, ఐ-ఎన్ వస్తే స్విఫ్ట్. ఇది ఒక్కటి ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పి పెట్టండి, ఫోన్ లో చదివి చెప్పేటప్పుడు చాలా పనికొస్తుంది.

ఐబాన్ అంటే బ్యాంకు, ఖాతా రెండూ కలిపిన పొడుగు నంబర్. యూఏఈలో 23, సౌదీలో 24, కువైట్ లో 30, బ్రిటన్ లో జర్మనీలో 22 అక్షరాలు. ఇండియాలో ఐబాన్ లేదు, అమెరికా కెనడా ఆస్ట్రేలియాల్లో కూడా లేదు. కాబట్టి యూరప్ లో ఉన్న మీ అబ్బాయి "డాడీ ఐబాన్ ఇవ్వు" అంటే మన దగ్గర లేదని చెప్పి స్విఫ్ట్ కోడ్, ఖాతా నంబర్ ఇవ్వండి. అక్కడి బ్యాంకు సైట్ లో దేశం ఇండియా అని పెట్టగానే ఐబాన్ గడి పోయి ఖాతా నంబర్ గడి వస్తుంది.

ఇక పాస్‌బుక్ మొదటి పేజీలో కనిపించే 9 అంకెల ఎంఐసీఆర్ కోడ్ చెక్కుల కోసం. అమెరికాలో బ్యాంకుని గుర్తించే రౌటింగ్ నంబర్ కూడా 9 అంకెలే, అందుకని ఫారంలో రౌటింగ్ నంబర్ అని కనపడగానే మన ఎంఐసీఆర్ తీసుకెళ్లి అందులో పెట్టేస్తుంటారు. దానికీ దీనికీ ఏ సంబంధం లేదు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

నేనైతే అయిదు చూస్తా. ఎంత మొత్తం. చేతికి చివరికి ఎన్ని రూపాయలు వస్తాయి (ఫీజు ఎంత అని కాదు). పంపిన మొత్తం పైసా తగ్గకుండా చేరాలా వద్దా. తర్వాత కాగితం అవసరమా, అంటే ఇంటి లోనుకో టాక్స్ కో ఎన్‌ఆర్‌ఈ ఖాతాకో (విదేశాల్లో ఉన్నవాళ్లు అక్కడి సంపాదన ఇక్కడ పెట్టుకునే ఖాతా) ఈ డబ్బు బయటి నుంచే వచ్చిందని చూపించాలా. ఆఖర్న తొందర.

వీటిలో జనం ఎక్కువ మోసపోయేది రెండో దాంట్లో. "జీరో ఫీ" అని రాసి ఉంటే అక్కడే ఆగిపోతారు. 5,000 డాలర్లు పంపుతున్నారు అనుకోండి, రేటులో డాలర్ కి ఒక్క రూపాయి తక్కువ ఇచ్చినా 5,000 రూపాయలు పోయినట్టే, వైర్ ఫీజు కన్నా అదే ఎక్కువైపోతుంది చాలాసార్లు. అందుకే రెండు చోట్లా ఒకే నిమిషంలో "నేను ఇంత పంపితే అవతల ఎన్ని రూపాయలు పడతాయి" అని చూసి ఆ ఒక్క అంకెనే పోల్చండి, మిగతావన్నీ అందులోనే కలిసిపోయి ఉంటాయి.

ఇండియాకి వచ్చే డబ్బు: మూడు దారులు

| | బ్యాంకు వైర్ | మనీ ట్రాన్స్‌ఫర్ యాప్ | గల్ఫ్ ఎక్స్ఛేంజ్ / క్యాష్ |
|---|---|---|---|
| ఇవ్వాల్సిన కోడ్ | స్విఫ్ట్, ఖాతా నంబర్, పక్కన ఐఎఫ్‌ఎస్‌సీ | ఐఎఫ్‌ఎస్‌సీ, ఖాతా నంబర్ | ఖాతాకైతే ఐఎఫ్‌ఎస్‌సీ, క్యాష్ కి రిఫరెన్స్ నంబర్ |
| ఖర్చు ఎక్కడ | పంపే ఫీజు, మధ్య బ్యాంకు కోత, మన బ్యాంకు రేటు | ఎక్కువగా రేటులో | ఫీజు కొంచెం, రేటులో కొంచెం |
| టైమ్ | 1 నుంచి 5 పని దినాలు | నిమిషాల నుంచి 2 రోజులు | అదే రోజు చాలాసార్లు |
| కాగితం | గట్టిది | యాప్ ని బట్టి | రసీదు వరకు |
| ఎవరికి | పెద్ద మొత్తం, స్థలం, లోను | నెలనెలా ఇంటి ఖర్చు | జీతం రోజు పంపేవాళ్లకి |

వైర్ గురించి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే కోడ్ తో తంటా అంతా దీనికే. అమెరికా బ్యాంకు సైట్ లో ఇంటర్నేషనల్ వైర్ ఓపెన్ చేస్తే మూడు గుంపుల గడులు ఉంటాయి: ఇంటర్మీడియరీ బ్యాంకు, బెనిఫిషియరీ బ్యాంకు, బెనిఫిషియరీ. బెనిఫిషియరీ అంటే మీ నాన్న, ఆయన ఖాతా నంబర్ అక్కడ. బెనిఫిషియరీ బ్యాంకు అంటే ఆయన ఖాతా ఉన్న మన బ్యాంకు, స్విఫ్ట్ కోడ్ అక్కడ. ఇంటర్మీడియరీ అంటే న్యూయార్క్ లో మన బ్యాంకుకి డాలర్ ఖాతా ఉన్న వేరే బ్యాంకు. మన బ్యాంకుల సైట్లలో ఇన్వర్డ్ రెమిటెన్స్ (బయటి నుంచి వచ్చే డబ్బు) పేజీలో ఒక్కో కరెన్సీకి ఆ బ్యాంకు పేరు, దాని స్విఫ్ట్ కోడ్, అక్కడ మన బ్యాంకు ఖాతా నంబర్ ఇస్తారు. ఆ న్యూయార్క్ ఖాతా నంబర్ ని బెనిఫిషియరీ ఖాతా గడిలో పెట్టారంటే డబ్బు మీ బ్యాంకు దాకా వచ్చి ఎవరిదో తెలీక కూర్చుంటుంది. ఇంటర్మీడియరీ గడి తప్పనిసరి కాకపోతే ఖాళీగా వదిలేసినా పంపే బ్యాంకు తన దారి తను చూసుకుంటుంది, కానీ మీ బ్యాంకు ఫలానా బ్యాంకు ద్వారానే పంపమని రాసి ఉంటే అలాగే చేయండి, కోత తక్కువ పడొచ్చు, వెతకడం కూడా తేలిక.

డాలర్లుగా పంపాలా రూపాయలుగా పంపాలా అని అడుగుతుంది చూడండి, అక్కడ కూడా ఆగి ఆలోచించాలి. రూపాయలు అని నొక్కితే అమెరికా బ్యాంకే తన రేటుకి మార్చేస్తుంది. డాలర్లు అంటే ఇక్కడికి వచ్చాక మన బ్యాంకు మారుస్తుంది. చిన్న మొత్తానికి పెద్ద తేడా లేదు గానీ 20, 30 లక్షలు వస్తుంటే డాలర్లుగా తెప్పించుకుని, వచ్చే ముందే బ్రాంచ్ మేనేజర్ ని కలిసి మంచి రేటు అడగండి, సైట్ లో పెట్టిన కార్డ్ రేటు కన్నా మెరుగ్గా ఇస్తారు పెద్ద మొత్తానికి, అడిగితేనే ఇస్తారు. మార్పిడి మీద జీఎస్టీ కూడా ఉంటుంది, అదేం భయపెట్టే లెక్క కాదు: 4 లక్షలు మార్చితే సుమారు 450 రూపాయలు. ఎంత కోటీశ్వరుడికైనా ఒక మార్పిడికి 10,800 దాటదు.

యాప్ లు వేరే రకంగా పనిచేస్తాయి. మీరు అక్కడ లోకల్ గా వాళ్ల ఖాతాకి డాలర్లు కడతారు, వాళ్లు ఇక్కడ తమ భాగస్వామి బ్యాంకు నుంచి రూపాయలు వేస్తారు ఐఎంపీఎస్ లోనో నెఫ్ట్ లోనో. అంటే అవతల చివర ఇది మామూలు దేశీ ట్రాన్స్‌ఫరే, అందుకే స్విఫ్ట్ అడగదు, ఐఎఫ్‌ఎస్‌సీ చాలు. నెలకి 300, 500 డాలర్లు అమ్మా నాన్నలకి పంపేవాళ్లు వైర్ జోలికి వెళ్లడం శుద్ధ దండగ. చూస్కోవాల్సింది రెండే, మొదటిసారికి ఇచ్చే ఊరించే రేటు రెండోసారికి ఉండదు కాబట్టి రెండోసారి మళ్లీ పోల్చండి, మీది ఎన్‌ఆర్‌ఈ ఖాతా అయితే ఆ యాప్ దానికి వేస్తుందో లేదో ముందే చూడండి. ఇంకో సంగతి, అమెరికాలో 2026 జనవరి 1 నుంచి బయటికి పంపే డబ్బు మీద 1 శాతం పన్ను వచ్చింది, అది క్యాష్, మనీ ఆర్డర్, క్యాషియర్స్ చెక్ లాంటివాటితో కట్టినప్పుడే. బ్యాంకు ఖాతా నుంచో అమెరికా డెబిట్ కార్డు నుంచో కడితే పడదు, ఆ మాటకి కంగారు పడి ఎవరో చెప్పిన అడ్డదారి పట్టకండి.

గల్ఫ్ వాళ్లకి ఎక్స్ఛేంజ్ హౌస్ లే ఇప్పటికీ బెస్ట్ అని నా నమ్మకం. జగిత్యాల, నిజామాబాద్ నుంచి దుబాయ్ వెళ్లినవాళ్లు, కడప, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లు జీతం రోజు సాయంత్రం అక్కడ లైన్ లో నిలబడేది ఊరికే కాదు, రేటు బాగుంటుంది, ఒకసారి ఇంటి ఖాతా, ఐఎఫ్‌ఎస్‌సీ ఎక్కించి పెడితే తర్వాత పేరు చెప్తే చాలు. ఇంట్లో ఖాతా లేని ముసలివాళ్లకి క్యాష్ గా పంపే పద్ధతి కూడా ఉంది, దానికి ఆర్‌బీఐ హద్దు పెట్టింది: ఒకసారికి 2,500 డాలర్లు, ఏడాదికి ఒక మనిషికి 30 సార్లు, చేతికి క్యాష్ 50,000 రూపాయల వరకే, ఆపైన ఖాతాలోకే. ఇంటి ఖర్చుకి మాత్రమే అది, స్థలం కొనడానికి వాడకూడదు.

హవాలా సంగతి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెప్తున్నా, వద్దు. రేటు రూపాయి ఎక్కువ వస్తుందనే ఆశ తప్ప ఏం లేదు అందులో. అక్కడ మీరు ఎవరికో దిర్హాములు ఇస్తే ఇక్కడ మీ ఇంట్లో ఖాతాలో ఎవరిదో తెలియని డబ్బు పడుతుంది, అది ఏ మోసం కేసు డబ్బో అయితే మీ అమ్మగారి ఖాతా ఫ్రీజ్ అవుతుంది, ఆమె పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలి. చేతిలో కాగితం ముక్క కూడా ఉండదు అడగడానికి.

బ్రాంచ్ స్విఫ్ట్ కోడా, హెడ్డాఫీసు కోడా

మండల కేంద్రంలో ఉన్న మన బ్రాంచ్ కి సొంత స్విఫ్ట్ కోడ్ ఉండదు ఎక్కువ శాతం, విదేశీ లావాదేవీలు చూసే పెద్ద బ్రాంచ్ లకే ఉంటుంది. అది లేదని హైదరాబాద్ లోనో విజయవాడలోనో ఉన్న ఏదో బ్రాంచ్ కోడ్ పెట్టేయాలా అంటే, మీ బ్యాంకు "మీ బ్రాంచ్ కి ఇది వాడండి" అని చెప్తేనే పెట్టండి. లేదంటే 8 అక్షరాల హెడ్డాఫీసు కోడ్ ఇచ్చి, మెసేజ్ గడిలో బ్రాంచ్ పేరు, ఐఎఫ్‌ఎస్‌సీ రాయించండి. కోర్ బ్యాంకింగ్ (బ్రాంచ్ లన్నీ ఒకే కంప్యూటర్ వ్యవస్థలో ఉండటం) వచ్చాక ఖాతా నంబర్ తోనే డబ్బు మీ ఖాతాకి వచ్చేస్తుంది. సంబంధం లేని బ్రాంచ్ కోడ్ ఇస్తే మాత్రం ఒక్కోసారి ఆ బ్రాంచ్ వాళ్లు ఈ ఖాతా మాది కాదే అని పక్కన పెడతారు, ఫోన్లు చేసి కదిలించాల్సి వస్తుంది.

బ్యాంకు విలీనాల్లో ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ లో ఎస్‌బీఐలో కలిసింది, ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ లో, సిండికేట్ బ్యాంక్ అదే రోజు కెనరాలో కలిశాయి. ఖాతా నంబర్ అదే ఉండొచ్చు గానీ ఏ-ఎన్-డీ-బీ తో మొదలయ్యే పాత ఐఎఫ్‌ఎస్‌సీ ఇప్పుడు పనిచేయదు. పదేళ్ల కిందట అన్నయ్య సేవ్ చేసి పెట్టుకున్న వివరాలతో ఇప్పుడు పంపకండి, కొత్త పాస్‌బుక్ పేజీ ఫోటో తెప్పించుకోండి. కోడ్ లు చూపించే ప్రైవేటు సైట్లలో ఈ పాత కోడ్లు అలాగే పడి ఉంటాయి, అందుకే స్విఫ్ట్ కోడ్ బ్యాంకు సొంత సైట్ నుంచో బ్రాంచ్ వాళ్లు స్టాంప్ వేసి ఇచ్చిన కాగితం నుంచో తప్ప తీసుకోకండి.

ఇక్కడి నుంచి బయటికి: ఫీజులు కట్టే అమ్మానాన్నలకి

ఇక్కడ కోడ్ దేశాన్ని బట్టి మారుతుంది.

- అమెరికా: స్విఫ్ట్, ఖాతా నంబర్, 9 అంకెల రౌటింగ్ నంబర్. జీతాలకి వాడే రౌటింగ్ నంబర్, వైర్ కి వాడేది కొన్ని బ్యాంకుల్లో వేరు వేరు, "వైర్ ది ఇవ్వు" అని పిల్లల్ని ప్రత్యేకంగా అడగండి.
- బ్రిటన్: ఐబాన్, స్విఫ్ట్. సార్ట్ కోడ్ 6 అంకెలు ఐబాన్ లోనే ఉంటుంది.
- జర్మనీ, ఐర్లాండ్: ఐబాన్, స్విఫ్ట్.
- ఆస్ట్రేలియా: స్విఫ్ట్, 6 అంకెల బీఎస్‌బీ, ఖాతా నంబర్.
- కెనడా: స్విఫ్ట్, 5 అంకెల ట్రాన్సిట్, 3 అంకెల ఇన్‌స్టిట్యూషన్ నంబర్, ఖాతా నంబర్.

అమెరికాలో పిల్లలు క్యాంపస్ పక్కన క్రెడిట్ యూనియన్ (సహకార బ్యాంకు లాంటిది) లో ఖాతా తెరుస్తుంటారు, వాటిలో చాలావాటికి సొంత స్విఫ్ట్ లేదు. వేరే పెద్ద బ్యాంకు స్విఫ్ట్ ఇచ్చి, ఆ బ్యాంకు నుంచి మాకు, మా నుంచి స్టూడెంట్ కి అని రాయమంటారు. మన బ్రాంచ్ లో ఆ ఫారం నింపే క్లర్క్ గారికి అది కొత్త కావచ్చు, ప్రింట్ తీసుకెళ్లి పక్కన కూర్చుని గడి గడి చూపించి రాయించండి, మొహమాట పడొద్దు.

ఐబాన్ దేశాలకి పంపేవాళ్లకి ఒక ధీమా ఉంది. ఐబాన్ లో దేశం అక్షరాల తర్వాత వచ్చే రెండు అంకెలు సరిచూసే అంకెలు, మధ్యలో ఒక్క అంకె తప్పు కొట్టినా లెక్క కుదరక సిస్టమ్ వెంటనే తిప్పికొడుతుంది. మన ఖాతా నంబర్ కి అలాంటి కాపలా ఉందని నమ్ముకోకండి, స్విఫ్ట్ కోడ్ లోనూ లేదు. అందుకే ఇండియాకి పంపేటప్పుడు ఖాతా నంబర్ రెండుసార్లు టైప్ చేయాలి, కాపీ పేస్ట్ రెండుసార్లు చేస్తే అది సరిచూసినట్టు కాదు.

ఇక చార్జీలు ఎవరివి అనే గడి, ఔర్, షా, బెన్ అని మూడు ఉంటాయి. ఔర్ అంటే మొత్తం ఖర్చు పంపేవాళ్లదే. షా అంటే ఇక్కడిది మనం, దారిలోదీ అవతలదీ తీసుకునేవాళ్లు. బెన్ అంటే అంతా తీసుకునేవాళ్లే. ఇంట్లోవాళ్లకి పంపితే షా చాలు. ఫీజులకి మాత్రం ఔర్ నే పెట్టండి, ఇంకా వీలైతే మీ బ్యాంకులో "ఫుల్ వాల్యూ", అంటే దారిలో తెగకుండా మొత్తం చేరే పద్ధతి, ఉందా అని అడగండి. జర్మనీ వెళ్లే పిల్లల బ్లాక్డ్ ఖాతాకి (వీసా కోసం ముందే డబ్బు వేసి చూపించే ఖాతా) 2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, సరిగ్గా అంతే పంపితే దారిలో 20 యూరోలు తెగి 11,884 చేరుతుంది, కన్ఫర్మేషన్ రాదు, అటు వీసా అపాయింట్‌మెంట్ దగ్గరపడుతుంటుంది. ఒక 50, 100 యూరోలు ఎక్కువే పంపండి.

యూనివర్సిటీ తన పేజీలోనే ఫీజు ప్లాట్‌ఫామ్ ఇచ్చి ఉంటే, రూపాయల్లో కట్టే వీలుంటే, కోడ్ ల గొడవే లేదు, విద్యార్థి ఐడీతో నేరుగా సరిపోతుంది. రేటు మాత్రం మీ బ్యాంకు రేటుతో పోల్చి చూడండి. ఫీజు కొంచెం ఎక్కువైనా మొదటి సెమిస్టర్ కి నేను ప్లాట్‌ఫామ్ వైపే మొగ్గుతా, గడువు దగ్గర డబ్బు దారి తప్పితే పిల్లాడి సీటు మీదకి వస్తుంది. రెండో సెమిస్టర్ నుంచి బ్యాంకు వైర్ చవకైతే అటు వెళ్లొచ్చు.

ఏ దారైనా పాన్, ఫారం ఏ2 (విదేశానికి డబ్బు పంపే దరఖాస్తు) తప్పవు, డబ్బు ఎందుకో చెప్పే పర్పస్ కోడ్ చదువుకైతే ఎస్0305, దగ్గరి బంధువుల పోషణకైతే ఎస్1301. ఏడాదికి మనిషికి 2,50,000 డాలర్ల హద్దు. టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు ముందుగా పట్టుకునే పన్ను) 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షలు దాటినదాని మీదే, గుర్తింపు ఉన్న సంస్థ నుంచి తీసుకున్న ఎడ్యుకేషన్ లోను డబ్బు అయితే అసలు లేదు. పర్పస్ కోడ్ తప్పు పెడితే చదువు డబ్బుకి కూడా ఎక్కువ రేటు టీసీఎస్ కోసేస్తారు, రిటర్న్ వేసేదాకా ఆ డబ్బు ఇరుక్కుపోతుంది, కాబట్టి కౌంటర్ దగ్గరే ఆ గడి చూసుకోండి.

ఫ్రీలాన్స్ చేసేవాళ్లకి

మీకు కాగితమే ముఖ్యం. క్లయింట్ నుంచి స్విఫ్ట్ వైర్ లో వస్తే బ్యాంకు ఇన్వర్డ్ రెమిటెన్స్ అడ్వైస్ (డబ్బు బయటి నుంచి వచ్చిందని చెప్పే కాగితం) ఇస్తుంది, జీఎస్టీలో ఎగుమతి అని చూపించడానికి అది కావాలి. చిన్న చిన్న బిల్లులైతే వైర్ కోత నొప్పి పెడుతుంది, అప్పుడు బిజినెస్ రిసీట్ లకి అనుమతి ఉండి ప్రతి పేమెంట్ కి అడ్వైస్ ఇచ్చే సర్వీస్ చూసుకోండి. ఇంటి ఖర్చుల యాప్ లో క్లయింట్ చేత డబ్బు వేయించుకోవద్దు, పీ1301 అంటే కుటుంబ పోషణ కింద పడుతుంది అది, సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పీ0802 ఉండాలి.

పేరు, ఆ తర్వాత వెతుకులాట

మన పేర్లతో ఒక తంటా ఉంది. పాస్‌పోర్ట్ లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకు ఖాతాలో కే. వెంకట రమణ అని పొడి అక్షరంతో ఉంటుంది, పంపేవాళ్లేమో రమణ అని రాస్తారు. నెఫ్ట్ లో అయితే ఖాతా నంబర్ చూసే జమ చేస్తారు, వైర్ లో పేరు కలవకపోతే ఆపి అడిగే బ్యాంకులు ఉన్నాయి. పాస్‌బుక్ లో ఎలా ఉంటే అలా, చుక్కలు లేకుండా, అడ్రస్ తో సహా రాయించండి. స్పెల్లింగ్ ఎంత పని చేస్తుందో 2016లో బంగ్లాదేశ్ సెంట్రల్ బ్యాంకు దోపిడీలో లోకమంతా చూసింది, దొంగలు ఫౌండేషన్ అనే మాటని ఫాండేషన్ అని రాసేసరికి మధ్య బ్యాంకుకి అనుమానం వచ్చి 2 కోట్ల డాలర్లు ఆగిపోయాయి. దొంగ డబ్బు ఆగింది, మంచిదే, మన డబ్బుని చూసేదీ ఆ కళ్లే.

డబ్బు అయిదు పని దినాలు దాటినా రాకపోతే ఊరికే "ఎప్పుడొస్తుంది సార్" అని అడిగితే పని జరగదు. పంపినవాళ్ల బ్యాంకు నుంచి రెండు తెప్పించండి: పంపిన మెసేజ్ కాపీ, అంటే పాక్స్ 008 (2025 నవంబర్ దాకా ఎంటీ103 కూడా నడిచింది, ఇప్పటికీ కొందరు ఆ పేరే అంటారు), దాంతో పాటు యూఈటీఆర్ అనే 36 అక్షరాల నంబర్. ఆ నంబర్ తో మెసేజ్ ఏ బ్యాంకు దాకా వచ్చింది, ఎవరు ఎంత కోశారు, ఎక్కడ ఆగింది అన్నీ బ్యాంకువాళ్ల స్క్రీన్ మీద కనిపిస్తాయి. మీ బ్రాంచ్ లో తెలీదంటే అదే బ్యాంకు ఫారెక్స్ విభాగానికి మెయిల్ లో ఈ నంబర్, తేదీ, మొత్తం, పంపినవాళ్ల పేరు రాసి పంపండి, బ్రాంచ్ మేనేజర్ కి కాపీ పెట్టండి. పర్పస్ ఏంటో చెప్పమని మీ బ్యాంకు పంపిన మెయిల్ స్పామ్ లో పడి ఉందేమో అది కూడా ఒకసారి చూస్కోండి, చాలాసార్లు డబ్బు ఆగేది దానికోసమే.